పెంటమ్మ అడిగిన మూడు రోజులు

ఏరు ఇప్పుడు పారుతున్న చోట కాక, ఇంకాస్త పడమరగా పారిన రోజుల్లో, ఆ ఏటికి ఇంకా వంతెన అన్న మాటే తెలియని రోజుల్లో, గుల్లరేవు అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో పడవలు కట్టే సాల ఒకటుండేది. ఆ సాలలో పెంటమ్మ అని ఒక మనిషి ఉండేది. పేరు బాగా గుర్తుపెట్టుకోండి. పెంటమ్మ.

ఆ పేరు ఎందుకు పెట్టారంటే, ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగోసారి పుట్టిన పిల్లను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరిదో పారేసిన పిల్లని తెచ్చుకున్నట్టు ఎత్తుకొచ్చారు. అలా బతికింది.

సాల కొండాచారి మేస్త్రిది. ఆయన సంతలో చెప్పులు అమ్మినట్టు పడవలు అమ్మేవాడు కాదు. పడవ కావాలని వచ్చినవాణ్ణి ముందు నిలబెట్టి చూసేవాడు. ఏ చెయ్యి బలం, ఏ కాలు ముందు వేస్తాడు, ఏం మోస్తాడు, ఏ కాలవలో తిరుగుతాడు, అన్నీ అడిగేవాడు. ఉప్పు మోసేవాడికి పొట్ట వెడల్పు పడవ. వల వేసేవాడికి సన్నని పడవ. కుడిచెయ్యి లేని జాలరి ఒకడు వస్తే, చుక్కాని ఎడమచేతికి అందేలా కట్టి ఇచ్చాడు. ఆ మనిషి ముసలివాడయ్యేదాకా ఆ పడవే నడిపాడు. అంత పనిమంతుడు కొండాచారి. అది ఒప్పుకోవాలి.

పెంటమ్మ పని వేరు. కొబ్బరిపీచు పేనడం, దాన్ని నూనెలో, గుగ్గిలంలో నానబెట్టడం, ఉలితో, కొయ్య సుత్తితో పలకల సందుల్లో కూరడం. కొత్త పడవకీ అదే పని, పాతబడి మరమ్మతుకి వచ్చిన పడవకీ అదే పని. పొద్దస్తమానం పడవ కిందే పడుకుని ఉండేది. సాలకి వచ్చేవాళ్ళకు ఆమె రెండు పాదాలే కనపడేవి. ఊళ్ళో చాలామందికి ఆమె మొహం కన్నా పాదాలే ఎక్కువ తెలుసు.

కొండాచారికి ఒక పట్టింపు ఉండేది. పడవ పూర్తయ్యాక చీపురులోంచి ఒక ఈనె తీసి, ప్రతి పలక సందులోనూ గుచ్చి చూసేవాడు. ఎక్కడా ఈనె దూరకూడదు. దూరకపోతే మీసం మెలేసి, "పో, ఏట్లో వేసుకో" అనేవాడు.

ఒక ఎండాకాలం ఉప్పు షావుకారికి పడవ కట్టాడు. ఈనె దూరలేదు. పడవ ఏట్లోకి వెళ్ళింది. వారం తిరగకుండా ఒక పలక ఉబ్బి పైకి లేచింది. కొండాచారి మేకులు మంచివి కావన్నాడు. మరుసటి ఎండాకాలం వలల సామికి కట్టాడు. ఈనె దూరలేదు. అదీ వెళ్ళింది. దాని పలకలు రెండు లేచాయి. కొండాచారి కలప మంచిది కాదన్నాడు. రెండు పడవలూ మరమ్మతుకి తిరిగొచ్చాయి. పెంటమ్మ కింద పడుకుని చూసింది. తను కూరిన పీచు, దప్పికగొన్న కుక్క నాలుకలా, సందుల్లోంచి బయటికి వేలాడుతోంది. ఎందుకిలా అయిందని ఆమెను అడిగినవాళ్ళు లేరు.

మూడో ఎండాకాలం పల్లపులంకవాళ్ళు వచ్చారు.

పల్లపులంక ఏటి మధ్య ఉన్న తిప్ప. ఏటా వరదకి సగం మునిగేది. ఆ ఏడు ఎగువన మంచు ఎక్కువ కురిసిందనీ, పిట్టలు గూళ్ళు పైకొమ్మల్లో కట్టాయనీ, వరద పెద్దదే వస్తుందనీ ముసలివాళ్ళు చెప్పుకున్నారు. లంకంతా ఎక్కే పెద్ద పడవ ఒకటి కావాలి. కానీ లంకలో కలప ఎక్కడిది? గడ్డీ, రెల్లూ తప్ప ఏమీ లేదు. అందుకని లంక పెద్ద సూరన్న ఒక మాట చెప్పాడు. ఇంటింటికీ తలుపు ఉంది కదా, అది ఊడదీయమన్నాడు. అందరూ ఊడదీశారు. వేప తలుపులు, మామిడి తలుపులు, తాతల నాటి తలుపులు, గొళ్ళెం గుర్తులతో, పసుపు మరకలతో సహా మోసుకొచ్చి సాల ముందు పేర్చారు. ఇళ్ళకు గోనెలు కట్టుకున్నారు.

కొండాచారి ఆ తలుపులు చూసి సంతోషపడ్డాడు. ఏళ్ళ తరబడి ఎండలో ఎండినవి. ఇంకేం వంకర పోతాయి అనుకున్నాడు. అడుగు దూలం తన కలపలోంచి తనే ఇచ్చాడు.

అప్పుడు పెంటమ్మ పడవ కింది నుంచి బయటికి వచ్చింది. పలకకీ పలకకీ మధ్య గోరు మందం ఖాళీ వదలమని అడిగింది. మేస్త్రి నవ్వి ఊరుకున్నాడు. మర్నాడు మళ్ళీ అడిగింది. మేస్త్రికి కోపం వచ్చింది. పీచు కూరేదానివి పీచు కూరుకో అన్నాడు. మూడోసారి మాటతో రాలేదు. ఒక చిన్న తలుపు చెక్కను మూడు రోజులు గుంటలో నానేసి, తెచ్చి పడవలో దానికి కోసిపెట్టిన చోట పెట్టబోయింది. పట్టలేదు. గోరు మందం ఎక్కువైంది.

కొండాచారి ఆ చెక్కను చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు.

"ఇది నీకెవరు చెప్పారే?" అన్నాడు.

"ఎవురూ సెప్పలేదండి. తమరు పడవలు ఎల్లడం సూత్తారు. నేను తిరిగి రావడం సూత్తానండి. ఎండిన కొయ్యకి దప్పికండి. తాగుతాది, ఉబ్బుతాది. జాగా లేకపోతే పక్కదాన్ని పొడుత్తాది."

ఆ మాట మేస్త్రి లోపలికి దిగింది. కానీ అంత పెద్ద మేస్త్రి ఒక పీచు కూరేదాని మాట మీద పద్ధతి మార్చుకున్నాడని నలుగురికీ తెలిస్తే ఎలా? సందు వదులుతాననీ, తేడా వస్తే మాత్రం ఈ సాలలో ఆమెకు చోటు లేదనీ చెప్పాడు. అలాగేనండి అని పెంటమ్మ మళ్ళీ పడవ కిందికి వెళ్ళిపోయింది. సందుల్లో పీచు వదులుగా, మెత్తగా పెట్టింది.

పడవను ఏట్లో దించే రోజు వచ్చింది. లంకలోంచి ఓ పాతికమంది మగవాళ్ళూ, ఓ పదిమంది ఆడవాళ్ళూ చిన్న దోనెల మీద వచ్చారు. గుల్లరేవు ఊరంతా గట్టు మీదే ఉంది. కొబ్బరికాయ కొట్టారు. పడవను నెట్టారు. పడవ నీళ్ళలోకి జారింది, ఒక్కసారి ఊగింది, ఆ తర్వాత ప్రతి సందులోంచీ నీళ్ళు చిమ్మాయి. జల్లెడ ముంచినట్టు మునిగింది. అంచులు మాత్రం నీళ్ళ పైన కనపడుతూ, రేవులోనే అడుగుకి ఆనింది.

గట్టు మీద నవ్వులు లేచాయి. కొండాచారి పడవ కట్టలేదు, చేపలకి ఇల్లు కట్టాడు అని ఒకడన్నాడు. తలుపులు కదా, తెరుచుకున్నాయి అని ఇంకొకడన్నాడు. లంకవాళ్ళు మాత్రం నవ్వలేదు. ఇళ్ళకు తలుపుల్లేవు, లంకంతా ఎక్కే పడవ లేదు. ఎగువన ఆకాశం కాటుక పెట్టినట్టుంది.

కొండాచారి నానిన చెక్కను కళ్ళారా చూసినవాడే. నలుగురూ నవ్వేసరికి ఆ చూసింది కాస్తా మరిచిపోయాడు. తాళ్ళు కట్టి పడవను గట్టుకి లాగమన్నాడు. మళ్ళీ విప్పి, ఈనె దూరకుండా కడతానన్నాడు. పెంటమ్మను ఊళ్ళోంచి కాదు కానీ సాలలోంచి పొమ్మన్నాడు.

పెంటమ్మ పోలేదు. నీళ్ళలోకి దిగింది. నడుచుకుంటూ వెళ్ళి, మునిగిన పడవలో ఎక్కి, నడిమధ్య కూర్చుంది. నీళ్ళు గుండెల దాకా వచ్చాయి. ఊళ్ళో చాలామంది ఆమె మొహం సరిగ్గా చూసింది ఆ రోజే.

"మూడు రోజులు తాగనివ్వండి. నాలుగో రోజున కారితే, దీంతోపాటే నన్నూ కాల్చెయ్యండి" అంది.

మనిషి కూర్చున్న పడవను ఎలా లాగుతారు? లాగలేదు. మొదటి రోజు ఊరివాళ్ళు నవ్వారు. పెంటమ్మకు పడవతో పెళ్ళయిందన్నారు, పసుపు నీళ్ళు పొయ్యమన్నారు.

పొద్దు వాలే వేళకి ఆమె పెదాలు నీలం తిరిగాయి. అప్పుడు సూరన్న పెళ్ళాం అచ్చియ్యమ్మ చీర దోపుకుని నీళ్ళలోకి దిగింది. కొండాచారి అడ్డం వచ్చి, నీకెందుకమ్మా ఈ పిచ్చి అన్నాడు.

"ఏవయ్యా మేస్త్రీ, అదుగో ఆ మూడో పలక నా ఇంటి తలుపు. నా పెళ్ళినాటిది. నా తలుపు మీద నేను కూకుంటే నీకేంటి నొప్పి?"

పెంటమ్మను గట్టుకి పంపి గంజి తాగి రమ్మంది. ఆమె చోట తను కూర్చుంది. తర్వాత ఇంకొక ఆడమనిషి, తర్వాత మరొకరు. ఎవరి తలుపు మీద వాళ్ళు. పెంటమ్మ ఒంటికి కాస్త వేడి తగలగానే మళ్ళీ వచ్చేది. పడవ మాత్రం ఒక్క ఘడియ ఖాళీగా లేదు.

రెండో రోజు ఎవరూ నవ్వలేదు. తిట్టారు. మధ్యాహ్నానికి ఏరు ఎరుపు తిరిగింది. ఎర్రనీరు వచ్చిందంటే వరద వెనకే ఉందని అర్థం, ఆ వడికి చిన్న దోనెలు ఆగవు. లంకలో పిల్లలున్నారు, ముసలివాళ్ళున్నారు. అచ్చియ్యమ్మ మనవలు ఇద్దరు అక్కడే ఉన్నారు. సూరన్న గట్టు మీద నిలబడి, వాళ్ళ గతేంటని పెళ్ళాన్ని అడిగాడు. ఆమె పెంటమ్మ వైపు చూసింది. పెంటమ్మ నీళ్ళలో చెయ్యి పెట్టి సందులు తడిమింది. ఇంకా తాగుతోంది అని మాత్రం అంది. అచ్చియ్యమ్మ కదలకుండా కూర్చుంది.

మూడో రోజు ఎవరూ నవ్వలేదు, తిట్టలేదు. మాటే లేదు. నీరు మెట్టు మెట్టుకీ ఎక్కుతోంది. పొద్దు నడినెత్తి దాటాక పెంటమ్మ మళ్ళీ సందులన్నీ తడిమింది. ఒక చివర నుంచి ఇంకో చివరకి, నెమ్మదిగా.

"చాలు. తోడండి" అంది.

అంచులు నీళ్ళ పైకి తేలేదాకా పడవను మెరకకి లాగి, బిందెలతో, కుండలతో, చిప్పలతో తోడారు. తోడుతుంటే పడవ లేచింది. అంచులు లేచాయి, పొట్ట లేచింది. అడుగు కనపడింది. అందరూ కిందికే చూస్తున్నారు. నీరు తిరిగి రాలేదు.

కొండాచారి పడవలోకి దిగాడు. మొలలోంచి ఈనె తీశాడు. ఒక సందులో గుచ్చాడు, దూరలేదు. రెండో సందులో గుచ్చాడు, దూరలేదు. మూడో సందు దగ్గరికి వెళ్ళి ఆగాడు. ఈనె విరిచి ఏట్లో పారేసి తెడ్డు అందుకున్నాడు.

మూడుసార్లు వెళ్ళింది ఆ పడవ. మొదటిసారి పిల్లల్నీ తల్లుల్నీ తెచ్చింది. రెండోసారి మగవాళ్ళనీ, మంచం పట్టిన ముసలాయన్ని మంచంతో సహా తెచ్చింది. మూడోసారి మేకల్నీ, కోళ్ళనీ, ఏ దోనెలోనూ పట్టని ఒక గేదెనీ తెచ్చింది. పొద్దు కుంకేసరికి పల్లపులంక లేదు. గట్టు మీద సూరన్న తలలు లెక్కపెట్టాడు. ఒక్కరు తక్కువ లేరు.

ఆ తర్వాత పెంటమ్మ ఎన్నేళ్ళు బతికిందో చెప్పేవాళ్ళలో తేడా ఉంది. మా అమ్మమ్మ పన్నెండేళ్ళనేది. మా మేనత్త ఇరవై అనేది. రెండూ రాసి పెడుతున్నాను, ఏది నిజమో మీరే తేల్చుకోండి. ఇద్దరూ ఒక్కలా చెప్పింది ఏమిటంటే, ఆమె చివరి రోజు దాకా సాలలోనే పని చేసింది, ప్రతి కొత్త పడవకీ పలకల మధ్య ఎంత వదలాలో ఆమె గోరే కొలత.

పెంటమ్మ పోయినరోజు కొండాచారి బాగా ముసలివాడు. సాలలో మూడు రోజులు సుత్తి మోగనివ్వలేదు. పీచు కూరేదానికి ఇంత మర్యాదా అని పక్క ఊరి మేస్త్రి ఒకడు అడిగాడట.

"ఆవిడ చెప్పేదాకా నాకు పడవ కట్టడం సగమే వచ్చు" అన్నాడు కొండాచారి, అందరూ వినేటట్టు. ఆ సాలను ఇంకెప్పుడూ తన సాల అనలేదు. ఎవరడిగినా పెంటమ్మ సాల అనే చెప్పాడు. అదే పేరు నిలిచింది.

ఇప్పటికీ ఆ రేవుల్లో కొత్త పడవను దించితే మూడు రోజులు ముంచి ఉంచుతారు. ముందు ఆడవాళ్ళే ఎక్కి కూర్చుంటారు, కాసేపైనా. ఆ మూడు రోజులూ గట్టు మీద నిలబడి దానికి వంక పెట్టినవాణ్ణి ఏట్లోకి తోసినా తప్పులేదు.

పడవ ఒక్కదానికే కాదు. కొత్తకోడలు వస్తే మూడు రోజులు తప్పు పట్టరు. పప్పు మాడినా, పాలు పొంగినా, అత్తగారు మూడు వేళ్ళు చూపించి, "ఇంకా తాగుతోందిలే" అంటుంది. ఒకసారి ఎగువ ఊరి నుంచి వచ్చిన పెళ్ళికూతురి మేనమామ ఆ మాట విని, మా పిల్లకి అలాంటి అలవాట్లు లేవండీ అని లబోదిబోమన్నాడట. కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, పెంటమ్మ కథంతా చెప్పి పంపారు. కొత్తగా బడిలో చేరిన పిల్లకీ అంతే, కొత్తగా తెడ్డు పట్టినవాడికీ అంతే. మూడు రోజులు ఎవరూ ఏమీ అనరు.

నాలుగో రోజున మాత్రం అడుగుతారు. అడగాలి కూడా. పెంటమ్మ అడిగింది మూడు రోజులే.