గాజుతోటలో పాచి

పూర్వం ఒక రాజుగారికి గాజుపలకల ఇంట్లో పెంచుకునే పూలతోట ఉండేది. రాజుగారు వచ్చేసరికి నేల తళతళలాడాలని దివాను గంభీరయ్య రోజూ బండల మీద నీళ్లు కొట్టించేవాడు. బండలకి పాచి పట్టింది. అందరూ వట్టికాళ్లతో మెల్లగా నడిచే ఆ తోటలోకి ఆయనొక్కడే కిర్రుచెప్పులతో వెళ్లి, రాజుగారి ముందే వెల్లకిలా పడ్డాడు. ఆ చప్పుడుకి మూడూళ్ల అవతల పాలు విరిగాయి.

సిగ్గు దాచుకోవడానికి లేస్తూనే, నేల ఊడ్చే సింగారమ్మ మీద విరుచుకుపడ్డాడు. "బండల మీద ఉప్పునీళ్లు కుమ్మరించు. సాయంత్రానికి పాచి పోకపోతే నీ పని పోతుంది."

"మొక్కలు చస్తే, బాబయ్యా?"

"చావవు. నాకు తెలీదా?"

"తమకి తెలీనిదేముంది. అయితే ముందు తమరి పెరట్లో, అమ్మగారి సన్నజాజి పాదు పక్కన ఓ కడవెడు పోసి వస్తాను."

"నీకు మతిపోయిందా? అది చచ్చిపోదూ?" అనేశాడు గంభీరయ్య.

రాజుగారు తల తిప్పి దివాను వైపు చూశారు. ఆ చూపుకి దివానుగారి చెవులు ఎంత ఎర్రబడ్డాయంటే, వాటి మీద అప్పడాలు కాల్చుకోవచ్చు.

"మరి పాచి ఎలా పోతుంది, సింగారమ్మా?" అన్నారు రాజుగారు.

"కొబ్బరిపీచుతో రుద్దితే పోతుందండి. మెరుపు కోసం నీళ్లు కొట్టడం మానేస్తే మళ్లీ రాదు."

ఆ నీళ్లు ఎవరు కొట్టిస్తున్నారో ఎవరూ అడగలేదు. గంభీరయ్యే చెప్పులు విడిచి, కొబ్బరిపీచు అందుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఆ తరవాత ఆయన ఆ తోటలో ఒక్కసారి కూడా జారలేదు. సింగారమ్మ కనిపించినప్పుడల్లా తల దించుకుని, నేల చూసుకుంటూ నడిచేవాడు మరి.