అయిదో వంతు తాగిన బండి

చినగుమ్మలూరులో తెలివంటూ ఉంటే అది రేవు వీధి మూడో ఇంట్లోనే ఉందని ఊరందరికీ తెలుసు. ఎందుకంటే ఆ మూడో ఇంటివాళ్ళే ఊరంతా తిరిగి తిరిగి చెప్పేవారు.

ఇంటికి పెద్దవాడు సన్యాసినాయుడు. ఎండాకాలంలో ఫ్యాను తిరిగీ తిరిగీ వేడెక్కిపోతోందని, పాపం దానికీ గాలి తగలాలని ఎదురుగా ఇంకో ఫ్యాను పెట్టిన మనసున్న మనిషి. రెండోవాడు ఎర్నాయుడు. గోడ గడియారం ముందుకెళ్ళిపోతోందని ఎవరో అంటే, మేకు ఊడబీకి, దాన్ని వెనక గదిలో కొట్టినవాడు. ఆఖరివాడు పైడిరాజు. లెక్కల మాస్టారు కోపంలో "ఇంక నీ మొహం నాకు చూపించకు" అన్నారని ఆ ఏడాదంతా బోర్డుకి వీపుపెట్టి కూర్చుని, మాట తప్పకుండా పరీక్ష తప్పాడు. ఈ ముగ్గుర్నీ పెంచింది మేనత్త గున్నమ్మ. "మా పిల్లల బుర్రలు కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి, ఎక్కడా అరగలేదు" అని మురిసిపోయేది.

చెరుకు బాగా పండిన ఏడు వీళ్ళొక బండి కొన్నారు. మామూలు బండి కాదు. ఎక్కాలంటే మెట్టు కావాలి, దిగాలంటే ధైర్యం కావాలి. నల్లగా నిగనిగలాడుతూ గేదెల్లో మహారాణిలా ఉండేది. "నలుగురికి చిన్న కారు చాలదా నాయుడూ?" అని ఎవరో అడిగితే సన్యాసినాయుడు జాలిగా చూశాడు. "చిన్నదాంట్లో తల పైకప్పుకి తగులుద్ది. ఉన్న తెలివి అణిగిపోదేటి?" అన్నాడు. షోరూములో అబ్బాయి, "ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పోసినా ఈ బండికి ఢోకా లేదండీ" అని చెప్పాడు. నలుగురూ గంభీరంగా తలలూపారు. అదేమిటని అడిగితే, తెలీదని తెలిసిపోదూ!

ఇక పైడిరాజు పెళ్ళి సంగతి. పిల్ల పేరు నూకరత్నం. పంచదార ఫ్యాక్టరీలో కాటా దగ్గర చెరుకు బళ్ళు తూయించే ఉద్యోగం. ఒకరోజు పైడిరాజు ట్రాక్టరు తోలుకెళ్తే, "మీరు దిగండి, బండే తూగాలి" అంది. తూకం అయ్యాక ఎక్కమనడం మరిచిపోయింది. సాయంత్రం డ్యూటీ దిగి వస్తే మనిషి అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటండీ?"

"తమరు ఎక్కమన్లేదు గదండీ!"

నూకరత్నం పడీపడీ నవ్వింది. అబద్ధం ఆడాలన్నా కాస్త బుర్ర ఉండాలి, ఈ మనిషి జన్మలో నాతో ఆడలేడు అనుకుంది. ఇంటికెళ్ళి, చేసుకుంటే అతన్నే చేసుకుంటానని తండ్రితో చెప్పేసింది.

ఆ తండ్రి దిగువపాలెం దాలినాయుడు మాస్టారు. డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరై, మద్యనిషేధ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. "శుక్రవారం పొద్దున్నే రండి, తాంబూలాలు పుచ్చుకుందాం. కానీ ఒక్క షరతు. మందు ముట్టినవాడి నీడ కూడా నా గడప ముందు పడకూడదు. పడిందా, పిల్లని రైసుమిల్లు వాళ్ళబ్బాయికి ఇచ్చీస్తాను" అన్నాడు. ఆ అబ్బాయి ఫొటో అప్పటికే మాస్టారి బల్ల మీద ఉంది. అది తలుచుకుంటే చాలు, పైడిరాజుకి ముద్ద దిగేది కాదు.

శుక్రవారం వచ్చింది. పట్టుచొక్కాలు వేసుకున్నారు. పళ్ళూ పూలూ మిఠాయిలూ సర్దుకున్నారు. దారిలో దాహమేస్తుందని గున్నమ్మ పెద్ద క్యానునిండా మజ్జిగ పట్టుకుంది. బంకులో ఆగి ఫుల్ ట్యాంకు కొట్టించారు. అక్కడ ఖాళీగా నిలబడలేక పైడిరాజు గోడమీది బోర్డు చదివాడు. అదే కొంపముంచింది.

"ఇథనాలంటే ఏటి బాబూ?" అని బంకు కుర్రాడిని అడిగాడు.

"చెరుకు మడ్డి ఉంటది కదండీ, దాన్ని పులియబెట్టి బట్టీ పడతారు."

"పులియబెట్టి బట్టీ పడితే సారా గదా?"

"ఆ జాతిదే అనుకోండి. మనుషులు తాగేది కాదులెండి."

"ఇప్పుడు పోసినదాంట్లో ఎంతుంది?"

"అయిదో వంతు."

అంతే! పైడిరాజు మొహంలో కత్తివాటుకి నెత్తురు లేదు. "పెద్దన్నయ్యా! బండి తాగీసింది!"

సన్యాసినాయుడు నమ్మలేదు. "మన బండా? మన ఇంట పుట్టి... అదే, మన ఇంట కొన్న బండా?" అంటూ రోడ్డెక్కించాడు. ఆ రోడ్డు నిండా గోతులు. బండి కుడికి ఒరిగింది, ఎడమకి ఒరిగింది.

"తూలుతోంది!" అన్నాడు ఎర్నాయుడు. దిగి వెనక్కెళ్ళి చూశాడు. సన్యాసినాయుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉన్నాడు. "అన్నయ్యా, వెనక కళ్ళు రెండూ ఎర్రగా అయిపోనాయి!"

ఇంకేముంది, అనుమానం తీరిపోయింది. పైడిరాజు తల పట్టుకున్నాడు. ఇంత పెద్ద తాగుబోతుని తీసుకెళ్ళి మాస్టారి గడప ముందు నిలబెడితే ఇంకేమైనా ఉందా? దీని నీడ గడప మీద కాదు, వీధంతా పడుతుంది.

"ఏడవకండర్రా," అంది గున్నమ్మ. "మీ మావయ్యకి నేను ఎన్నిసార్లు మత్తు దింపలేదు? తల మీద నీళ్ళు, కడుపులో మజ్జిగ. అంతే."

ముందు బానెట్ మీద నీళ్ళు కుమ్మరించారు. తర్వాత మజ్జిగ. ఏ నోట తాగిందో ఆ నోటనే పట్టాలి గదా, పెట్రోలు మూత తీశారు. "పచ్చిమిరపకాయ ముక్కలు తీసీరా, పొలమారుద్ది" అని గున్నమ్మ జాగ్రత్త చెప్పింది. పైడిరాజు ముక్కలన్నీ ఏరి క్యాను మొత్తం పోశాడు. కరివేపాకు మాత్రం ఉంచాడు. మంచిది గదా అని.

బండి కొంతదూరం బాగానే వెళ్ళింది. దారిలో ఉన్న గట్టు ఎక్కుతూ దగ్గింది. మళ్ళీ దగ్గింది. "అనుకుంటూనే ఉన్నాను, పొలమారింది!" అని గున్నమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి పైకప్పు మీద తట్టింది. గట్టు మీదకి చేరి, ఒక్క గుటక మింగినట్టు శబ్దం చేసి, బండి ఆగిపోయింది.

"నిద్దరపోయింది," అన్నాడు సన్యాసినాయుడు మెల్లగా. "లేపకండి. మత్తు అదే దిగిపోద్ది." నిద్దట్లో దొర్లిపోతుందేమోనని హ్యాండ్ బ్రేకు వేశాడు. నలుగురూ మునివేళ్ళ మీద దిగి గట్టున కూర్చున్నారు. హారను కొడుతూ వచ్చిన లారీవాడికి పైడిరాజు అడ్డంపడి, "ఉష్! బండి పడుకుంది" అన్నాడు. లారీవాడు ఒక్కసారి వీళ్ళని చూసి, హారను మీంచి చెయ్యి తీసేసి వెళ్ళిపోయాడు.

ఫోను మోగింది. నూకరత్నం. "ఎక్కడున్నారండీ?"

"గట్టు మీద. బండి పడుకుంది," అన్నాడు పైడిరాజు గుసగుసగా.

"పంచరా?"

"కాదండి. మత్తు."

"నాకేం అర్థం కాలేదు గానీ, బేగి రండి. నాన్న ఆ ఫొటో తీసి అద్దం తుడుస్తున్నారు."

ఎర్నాయుడు షోరూముకి ఫోను కొట్టాడు. మజ్జిగ సంగతి విని అవతలి గొంతు కెవ్వుమంది. "ట్యాంకులో చుక్క లేకుండా తీయించండి! ఏం జరిగినా సరే, బండి మాత్రం స్టార్ట్ చెయ్యకండి!"

ఇంకేముంది, పొలంలోంచి గొట్టం తెచ్చారు. ఒక కొస ట్యాంకులో పెట్టి, రెండో కొస నోటితో పీల్చాలి. ఎవరు పీల్చాలి? పీల్చినవాడు తాగినట్టే. తాగినవాడు మాస్టారి ఊరికి రాకూడదు. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"తమ్ముడి పెళ్ళి కన్నా నా పరువెక్కువా?" అని ఎర్నాయుడు గొట్టం అందుకున్నాడు. పీల్చాడు. నోట్లో పడింది. తుఫుక్కున ఉమ్మేశాడు. పెట్రోలూ మజ్జిగా ధారగా గోతిలోకి పోయాయి. కానీ ఎర్నాయుడు అప్పటికే తూలడం మొదలెట్టాడు.

"మింగావేట్రా?"

"లేదన్నయ్యా. కానీ నాలిక్కి తగిలింది. ఇంక నేను మీ మనిషిని కాదు. నన్నిక్కడే ఒదిలీండి," అని మైలురాయి మీద కూలబడి, ఎప్పుడూ తాగనివాడు కాబట్టి ఎలా ఉండాలో తెలియక, కాసేపు ఏడ్చి కాసేపు పాడాడు. గున్నమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇప్పుడు బండి కడుపులో చుక్క లేదు. కానీ ఖాళీ కడుపుతో ఎలా నడుస్తుంది? అప్పుడు పైడిరాజుకి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక ఆలోచన వచ్చింది.

"పెద్దన్నయ్యా, సారా చెరుకులోంచే గదా వస్తుంది? పులియకముందు అది ఉత్త రసమే గదా? పులిసిపోయిందే బండి లాగితే, తాజాది ఎంత లాగాలి!"

సన్యాసినాయుడు తమ్ముణ్ణి కావలించుకున్నాడు. గట్టు మీద చెరుకురసం బండివాడున్నాడు. వాడు గడలన్నీ ఆడించాడు. "అల్లం వెయ్యమంటారా?" "వెయ్యి, దగ్గుకి మంచిది." "ఐసు?" "ఒద్దు బాబూ, జలుబు చేస్తుంది." బిందెలతో పోశారు. సగం ట్యాంకులోకి, సగం టైర్ల మీదకీ రోడ్డు మీదకీ పోయింది.

ఎర్నాయుడు తప్ప అందరూ ఎక్కి కూర్చున్నారు. స్టార్ట్ చెయ్యొద్దని షోరూమువాళ్ళు గట్టిగా చెప్పారు కాబట్టి సన్యాసినాయుడు తాళం జోలికి పోలేదు. చేతులు కట్టుకుని, అదే బయల్దేరుతుందని చూశాడు. అది బయల్దేరలేదు గానీ, చీమలు బయల్దేరాయి. ఒకటి, రెండు బారులు కాదు. గట్టుకి అటూ ఇటూ ఉన్న చెరుకుతోటల్లోంచి జాతరకొచ్చినట్టు వచ్చాయి. టైర్లు ఎర్రబడిపోయాయి.

గున్నమ్మ చేతులు జోడించింది. "ఓలమ్మో, మనల్ని లాగడానికే వచ్చాయి! మొన్న మనింట్లో బెల్లం అచ్చు అటక మీంచి వాకిట్లోకి మోసుకెళ్ళినవి ఈ జాతే!"

మళ్ళీ ఫోను. "ఎప్పుడొస్తారండీ?" అంది నూకరత్నం.

"చీమల్ని బట్టండీ."

"ఏంటీ?"

"ఇంకొన్ని రావాలండీ. బండి పెద్దది గదా!"

"వినండి, నాన్న ఆ ఫొటో జేబులో పెట్టుకుని స్కూటరెక్కారు. మీ దగ్గరకే వస్తున్నారు!"

వచ్చాడు కూడా. గట్టెక్కగానే మైలురాయి మీద ఊగుతున్న ఎర్నాయుడు కనిపించాడు. మాస్టారు మీసాలు లేచి నిలబడ్డాయి. "తాగావా?"

"తాగానండి," అన్నాడు ఎర్నాయుడు వినయంగా. "అయిదో వంతు."

"సంబంధం రద్దు!" అని అరిచాడు దాలినాయుడు మాస్టారు. పైడిరాజు బండిలోంచి దూకి, చీమల్ని తొక్కకుండా గంతులేస్తూ వచ్చి ఆయన ముందు పడ్డాడు. అబద్ధం తెలియదు గనక ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. బంకు, ఇథనాలు, ఎర్రకళ్ళు, మజ్జిగ, గొట్టం, అన్నీ. చెప్పి చెప్పి ఆగిపోయి, మాస్టారి స్కూటరు వైపు భయంగా చూశాడు. "మావయ్యగారూ... తమరు ఏ బంకులో పోయిస్తారు?"

మాస్టారు కూడా దాని వైపు తిరిగాడు. వంగి స్కూటరు మూత తీసి వాసన చూశాడు. కొరివి ముట్టుకున్నట్టు వెనక్కి గెంతాడు. "ఓర్నాయనో! మొన్న మద్యనిషేధం ఊరేగింపులో అందరికంటే ముందు దీని మీదే గదరా ఊరేగాను!"

స్కూటరుని ఈడ్చుకెళ్ళి మైలురాయికి ఆనించి, "నువ్వూ నువ్వూ ఇక్కడే పడుండండి" అని ఎర్నాయుడికీ దానికీ కలిపి చెప్పాడు. జేబులోంచి ఫొటో తీశాడు. పైడిరాజు కళ్ళు మూసుకున్నాడు.

"రైసుమిల్లు వాళ్ళకి రెండు కార్లు, ఒక బుల్లెట్టు," అని వేళ్ళు మడిచాడు మాస్టారు. "కొంపంతా తాగుబోతులే! దేనికీ ఒక్క గ్లాసు మజ్జిగ పట్టిన పాపాన పోలేదు!" ఫొటో నాలుగు ముక్కలయింది. "నువ్వే నా అల్లుడివి. జరుగు, నేనూ ఎక్కుతాను. చీమలు ఎప్పుడు లాగుతాయి?"

ఎక్కి కూర్చున్నాడు. కాసేపు చూశాడు. డ్రిల్లు మాస్టారు గదా, లోపం కనిపెట్టేశాడు. "ఏవయ్యా సన్యాసినాయుడూ, హ్యాండ్ బ్రేకు వేసుంచి లాగమంటే పాపం చీమలు ఎలా లాగుతాయి?"

"అదీ బుర్రంటే!" అని సన్యాసినాయుడు బ్రేకు వదిలాడు.

ఆ గట్టు నుంచి దిగువపాలెం దాకా అంతా పల్లం. బండి కదిలింది. మెల్లగా, తర్వాత జోరుగా. "లాగుతున్నాయ్! చీమలు లాగుతున్నాయ్!" అని అందరూ చప్పట్లు కొట్టారు. ఊరొచ్చింది. మాస్టారిల్లు వచ్చింది. గడపలో హారతి పళ్ళెం పట్టుకుని నూకరత్నం నిలబడి ఉంది. పైడిరాజు కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వాడు. బండి ఆగలేదు.

"బ్రేకు తొక్కండి!" అని ఆమె అరిచింది.

"తొక్కకు!" అని లోపల మాస్టారు అరిచాడు. "ఉన్నట్టుండి ఆపితే వెనక చీమలొచ్చి ముందు చీమల మీద పడతాయి!"

అంతే. బండి వీధి దాటింది, ఊరు దాటింది, చివర చెరుకుతోటలోకి దూరి, గడల మధ్య మెత్తగా కూలబడింది.

నూకరత్నం హారతి పళ్ళెం వదలకుండా పరిగెత్తుకుంటూ వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అక్కడే తోటలోనే తాంబూలాలు మార్చేసుకున్నారు. తీరా చూస్తే పెళ్ళికొడుకు లేడు. వెతగ్గా వెతగ్గా వెనక చక్రం దగ్గర కనిపించాడు. టైరుకి మిగిలిన చీమల ముందు మిఠాయిల పళ్ళెం పెట్టుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఏం చేస్తున్నారక్కడ?" అంది నూకరత్నం.

"సాయంత్రం మళ్ళీ గట్టు ఎక్కాలి గదండీ," అన్నాడు పైడిరాజు. చీమల వైపు వంగి, ఎంతో మర్యాదగా అడిగాడు. "ఇక్కడే భోంచేసి ఉండిపోతారా, లేకపోతే ఇంటికెళ్ళి మీవాళ్ళని ఇంకో నలుగుర్ని తీసుకొస్తారా?"