పెయ్య మెడలో కొయ్య

"తాత దొంగతనం చేసి జైలుకెళ్లాడు. తండ్రీ వెళ్లాడు. ఆ ఇంట్లో ఇప్పటికీ రెండుపూటలా పొయ్యి వెలగదు. ఇదంతా నెత్తుటిలోనే ఉంటుందా, స్వామీ?" అని మఠం శిష్యుడు గురులింగం అడిగాడు.

అడగడానికి కారణం ఓబులేసు. మఠం గొడ్లు కాచే ముసలాయన మంచం పట్టాడని విని, ఆ పని తనకివ్వమని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఊళ్లో అందరూ పొమ్మన్నవాడే. మఠం కూడా కాదంటే అతనికి ఇక తొక్కవలసిన గడప లేదు. "మా నాయన్ని గూడా ఎవురూ పనికి పిలవలేదు సామీ" అన్నాడు. గురులింగం మాత్రం వాడికి గొడ్లను అప్పగించడానికి వీల్లేదని భీష్మించుకున్నాడు.

మఠాధిపతి చెన్నవీరయ్యస్వామికి వాదనలంటే మహా బద్ధకం. "అతన్ని రేపు సాయంత్రం రమ్మను. అంతవరకు నువ్వే తోలుకెళ్లు" అన్నారు.

గురులింగం సణుక్కుంటూ బయల్దేరాడు. మందలో ఒక ఎర్ర పెయ్య ఉంది. దాని తల్లి పేరుమోసిన దొంగగొడ్డు. కంటబడిన చేనల్లా మేసి వచ్చేది. అందుకే పెయ్య మందలోకి వచ్చిన మొదటిరోజే, ముసలిదైపోయిన తల్లి మెడలోని గుదికొయ్యను విప్పించి దాని మెడకు కట్టించాడు గురులింగం. మంద గుట్ట ఎక్కుతుంటే ఆ బరువు కర్ర ముందుకాళ్లకు కొట్టుకుని పెయ్య వెనకబడింది. ఆకలేసి, పక్కనే ఉన్న అనుముల చేలో దూరింది. చేను గలాయన గంగిరెడ్డి వచ్చి గురులింగాన్ని ఉతికి ఆరేశాడు.

"అంతా తల్లి బుద్ధే స్వామీ! ఇంకా పెద్ద కొయ్య కడతాను" అన్నాడు గురులింగం మఠానికి వస్తూనే.

"కడుదువుగాని. రేపొక్కపూట ఏదీ కట్టకుండా తోలి చూడు."

మర్నాడు గంగిరెడ్డి కర్ర పుచ్చుకుని గట్టుమీదే కాపలా కూర్చున్నాడు. పెయ్య అతని వంకైనా చూడలేదు. తోకెత్తి, మందకంటే ముందే గుట్టెక్కి పచ్చికలో పడింది. దాని వెంట పరుగెత్తలేక గురులింగానికి ఆయాసం వచ్చింది, నవ్వూ వచ్చింది. చాలా రోజుల తర్వాత అతని మనసు తేలికపడింది.

సాయంత్రం ఓబులేసు వాకిట్లో ఉన్నాడు. గురులింగం అతన్ని లోపలికి పిలిచి, కడుపునిండా అన్నం పెట్టించి, గొడ్లను అప్పగించాడు. తర్వాత స్వామి దగ్గరికి సంతోషంగా వచ్చాడు.

"పనిలో పెట్టాను స్వామీ. అయినా కొన్నాళ్లు వాడిమీద ఓ కన్నేసి ఉంచుతాను."

స్వామి నవ్వారు. "ఆ కన్ను ఎంత బరువుంటుందో, నాయనా?"