డీకన్ గారి గంట

అమెరికాలో పొగపడవలు కూతపెడుతూ ఓహాయో నది మీద తిరిగే రోజుల్లో, ఆ ఒడ్డున ఒక పట్నం ఉండేది. ఆ పట్నంలో వీధులు ఊడ్చేవాళ్ళు లేరు, పందులుండేవి. జనం తొక్కలూ ఎంగిళ్ళూ నడివీధిలోకి విసిరితే అవి తిని శుభ్రం చేసేవి. అందుకే వీధి పంది జోలికి ఎవరూ వెళ్ళేవారు కాదు. పడవల్లో వచ్చే పొలం పందుల సంగతి వేరు. అవి రేవు నుంచి కబేళాకి, కబేళా నుంచి ఉప్పు పీపాల్లోకి.

టిల్లీ వీధి పంది. ఒళ్ళు బక్కది, లెక్క మాత్రం గట్టిది. కబేళా గోడవారగా ఒక చిన్న తలుపు పక్కన దాని మకాం. రోజూ అక్కడ కాసిని క్యాబేజీ ఆకులు రాలేవి.

ఆ క్యాబేజీ డీకన్ గారి జీతం. డీకన్ గారంటే గడ్డం మేక; చర్చి పెద్దలా ఉంటాడని ఆ పేరు. మెడలో ఇత్తడి గంటతో, దిగిన పందుల ముందు దర్జాగా నడిచేవాడు. "లోపల మొక్కజొన్న తొట్లున్నాయి, రండి తమ్ముళ్ళూ" అని నమ్మించి వాలుబల్ల ఎక్కించేవాడు. పై మలుపులో తను మాత్రం పక్కనున్న ఆ చిన్న తలుపులోంచి బయటపడి క్యాబేజీ అందుకునేవాడు. తమ్ముళ్ళు నేరుగా వెళ్ళేవారు.

"ఈ నెల పైకెక్కినవి పదకొండు వందల ఎనభై, మామా. తిరిగి దిగింది ఒక్క మేక," అంది టిల్లీ, బండి లాగే కంచరగాడిద జెబ్‌తో.

"లెక్కలు మనకెందుకే. ఆకులు తిను."

"తింటూనే లెక్కపెడుతున్నా. తలుపు తీసే హెర్మన్ తాతకి లోపల పందుల్ని ముంచే వేడినీళ్ళ ఆవిరికి కళ్ళు పోయాయి. గంట వినపడితే గడియ తీస్తాడు. నిన్న నీ బండి గంట మోగినా తీశాడు, చూశావా?"

"చూశా. క్యాబేజీ కూడా నా మీదకే విసిరాడు," అని నవ్వాడు జెబ్.

ఆ ఉదయం పడవలోంచి నలభై పందులు దిగాలి. ముప్పైతొమ్మిది దిగాయి. ఒకటి బల్ల మీద జారి నదిలో పడి కొట్టుకుపోయింది. గేటు దగ్గర సుద్దముక్క పట్టుకున్న మేస్త్రీ అది చూసి కేకేశాడు. "కాగితంలో నలభై ఉంది. పోయినవారం కూడా ఒకటి తగ్గింది. ఇవాళ తగ్గితే ఆ మేకతో సరిచేస్తా."

డీకన్ ఆ మాట విన్నాడు. నాలుగు దిక్కులూ చూసి గోడవారకి వచ్చాడు.

"అమ్మా టిల్లీ, ఎన్నాళ్ళమ్మా ఈ ఎంగిలాకులు? లోపలికి రా, మొక్కజొన్న తిందువుగాని."

"నిన్నటిదాకా మురికీ అని పిలిచేవారు కదండీ."

"అదంతా చనువు కొద్దీ."

"అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. దానికి చనువని పేరా, డీకన్ గారూ?" అన్నాడు జెబ్.

"నువ్వు నీ బండి చూసుకో." డీకన్ గొంతు మారింది. కొమ్ములు దించి టిల్లీని గోడకి అదిమాడు. "మర్యాదగా రాకపోతే గుంపులోకి కుమ్మేస్తా. అందులో కలిసిపోయాక నువ్వు వీధి పందివో పొలం పందివో తేల్చేదెవరు?"

వెనక గోడ, ముందు కొమ్ములు. టిల్లీ ఒక్క క్షణం లెక్క వేసుకుంది.

"వస్తానండీ. కాకపోతే ఆ బలిసిన పందుల ముందు ఈ బక్కదానికి నామోషీ. ఆ గంట కాసేపు నా మెడలో వేయించండి. దర్జాగా నడుస్తా."

డీకన్‌కి నవ్వొచ్చింది. "గంట లేకపోతే నేను డీకన్ని కాకుండా పోతానా? ఈ గడ్డాన్ని ఎరగనివాడు ఈ పట్నంలో ఉన్నాడా?" అని మెడ వంచాడు. జెబ్ పళ్ళతో పట్టీ లాగి టిల్లీ మెడకి తగిలించాడు.

గంట మోగిస్తూ టిల్లీ ముందు నడిచింది. తప్పించుకుపోకుండా డీకన్ దాని తోకనంటుకుని నడిచాడు. వెనక ముప్పైతొమ్మిది. లెక్కపెట్టేటప్పుడు మేస్త్రీ తలెత్తడు. గంట దాటాక వచ్చే కాళ్ళు చూస్తూ గీతలు గీస్తాడు, అంతే.

"ఒకటి," అన్నాడు మేస్త్రీ.

"ఒకటెవరే?" అన్నాడు డీకన్.

"మీరేనండీ."

డీకన్ వెనక్కి తిరగబోయాడు. వాలుబల్ల వెడల్పు మూడడుగులు, వెనక నుంచి తోస్తున్నది ముప్పైతొమ్మిది పందుల బరువు. మొక్కజొన్న అని వాటికి ఆశపెట్టింది తనే. ఆగమంటే అవి ఆగలేదు.

మలుపులో గంట గట్టిగా మోగింది. గడియ తీసిన చప్పుడైంది. టిల్లీ బయటికి జారింది. తలుపు మూసుకుంది.

"హెర్మన్, నేనయ్యా, డీకన్ని," అని మేక కొమ్ములతో తలుపు బాదింది. మనిషి చెవికి అది "మే" అనే వినపడింది.

"గంట ఎప్పుడో వెళ్ళింది. ఇంకా ఏమిటీ గోల," అన్నాడు హెర్మన్ తాత.

"నలభై. లెక్క సరిపోయింది," అన్నాడు మేస్త్రీ కింద నుంచి.

ఆ ఏడాది ఒక పీపాలో మాంసానికి గడ్డం ఉందని ఎక్కడో ఎవరో ఫిర్యాదు చేశారట. ఎవరూ నమ్మలేదు.

బయట టిల్లీ ముందు క్యాబేజీ పడింది. ఆకులు కాదు, నిండు క్యాబేజీ.

"మెడ ఇటు పెట్టవే, పట్టీ కొరికేస్తా. ఆ పాడు గంట నదిలో పారేద్దాం," అన్నాడు జెబ్.

టిల్లీ మెడ వంచబోయింది. అంతలో రేవులో ఇంకో పడవ కూసింది. యాభైరెండు పందులు దిగాయి. గంట మోత విని తిన్నగా దాని దగ్గరికే వచ్చాయి.

"ఇవాళ్టికి ఉండనీ, మామా," అంది టిల్లీ.

"అక్కా, లోపల ఏముంటుంది?" అని ముందున్న పంది అడిగింది.

టిల్లీ నోట్లో ముద్ద నమిలి మింగింది. "మొక్కజొన్న," అంది.

తలుపు తెరుచుకునేది గంటకే, అది కట్టుకున్న మెడకి కాదు.