ఒకిను గీత

తొమికోకి నలభై రెండేళ్లు. అన్నం ఎప్పుడూ నిలబడే తింటుంది.

ఇది చాలాకాలం కిందటి మాట. జపాన్‌లో సముద్రం ఒడ్డున ఓ నూలు మిల్లు ఊరు ఉండేది. ఆ మిల్లుకో ఫుట్‌బాల్ జట్టు. అప్పట్లో ఆటకి రెండు మెట్లు. పై మెట్టు మీద గొప్ప జట్లు, కింది మెట్టు మీద ఇలాంటి మిల్లు జట్లు. ఒక ఏడాది పెద్దలు కూర్చుని తేల్చేశారు: "రెండో మెట్టుకి ఈ ఏడే ఆఖరు. వచ్చే ఏడాది నుంచి ఉండదు." ఊరంతా ఏడ్చింది. తొమికో ఏడవలేదు. ఆమె బాధ వేరు.

ఆమె మొగుడు గొరో ఆ జట్టు గోల్‌కీపర్. ఇంట్లో అతనివి మూడే మాటలు. "ఓయ్, అన్నం." "ఓయ్, స్నానం." "ఓయ్, పక్క." పెళ్లయిన నాటి నుంచి నాలుగో మాట పుట్టలేదు.

అలాంటివాడు ఆట అయిపోగానే గోలు వైపు తిరిగి, నడుం విరిగేలా వంగి దండం పెట్టేవాడు. గోలు వెనక సున్నం బండి పట్టుకుని ఒకిను అవ్వ నిలబడి ఉండేది. మైదానానికి తెల్లగీతలు గీసే ముసలామె. మనం వాకిట్లో ముగ్గేసినట్టు ప్రతి ఆటకీ ఆమె గీసేది. మగాళ్లు తొక్కి చెరిపేవాళ్లు.

ఆ దండం మొదటిసారి చూసి తొమికో అన్నం తినలేదు. రెండోసారి చూసి నిద్రపోలేదు. మూడోసారి చూసి తిన్నగా ముసలామె మీదికి వెళ్లింది.

"ఏం మందు పెట్టావే మా ఆయనకి? పళ్లూడిన నీకు దండాలా?"

ఒకిను నవ్వింది. "మందు పెట్టడం వస్తే ఈ మోకాళ్లకి పెట్టుకోనూ? కుళ్లుకుంటున్నావా పిల్లా?"

"ఆఁ, కుళ్లుకుంటున్నాను! ఇన్నేళ్ల నా వంటకి ఒక్క దండం లేదు. నీ సున్నానికి ఆట ఆటకీ ఒకటా?"

"అయితే ఆఖరి ఆటకి నా చోట నువ్వే నిలబడు."

ఆఖరి ఆట వచ్చింది. జట్టు ఓడిపోయింది. తొమికో పెళ్లినాటి కిమోనో కట్టుకుని వచ్చింది. గోలు వెనక ఆగలేదు, ఏకంగా ముందుకొచ్చి గీత మీదే నిలబడింది. గొరో వచ్చాడు. కళ్లనిండా నీళ్లు. నడుం వంచాడు. తొమికో గుండె నిండిపోయింది.

గొరో తలెత్తాడు. "ఓయ్, అడ్డం లే. గోలుకి దండం పెట్టుకుంటున్నాను."

తొమికో ముసలామె వైపు చెయ్యి చూపించింది. "మరి... ఆ అవ్వకి కాదా?"

"ఏ అవ్వ?" అన్నాడు గొరో, ఒకిను చేతిలో బండి వంకే చూస్తూ.

అతను వెళ్లిపోయాక తొమికో ముసలామె పక్కన కూలబడింది. "నీకు తెలుసా?"

"మొదటినుంచీ తెలుసు. అయినా వెళ్లి ఎదురుగా నిలబడేదాన్ని. ఊరికే గాల్లో పోయే దండమేగా, కాస్త నాకూ తగలనీ అని."

రెండో మెట్టు పోయింది. మిల్లు జట్టు పోయింది. ఆ చలికాలం ఒకిను అవ్వ కూడా పోయింది.

చలి తగ్గాక మిల్లు ఆడవాళ్లు ఖాళీ మైదానంలో ఆడుకుందామని వచ్చారు. అప్పటికే గీతలు గీసి ఉన్నాయి. సున్నం బండి అడ్డం పెట్టుకుని తొమికో నిలబడి ఉంది.

"ముందు పేరు చెప్పి లోపలికి రండి."

"ఎవరి పేరే?"

"ఇన్నేళ్లు ఈ గీతలు గీసినామె పేరు."

ఒక్కరికీ తెలియదు. తొమికోయే చెప్పింది. అందరిచేతా మూడుసార్లు అనిపించింది.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఆట మొదలయ్యే ముందు రెండు జట్లూ గీత బయట ఆగుతాయి. "ఒకిను గారూ, మీ గీత దాటుతున్నాం" అని వంగి దండం పెడతాయి. ఆ తర్వాతే లోపలికి అడుగు. మగ జట్లయినా అంతే.

తొమికో ఆ ఏడాదే గొరోకి విడాకులిచ్చింది.