అచ్చియమ్మ మెడ

"నిలబెట్టిన మెడ మళ్లీ ఎందుకు వంగిపోతోందండీ?" అని ఓంకారం ఒకనాటి ఉదయం తన గురువు చలమాచార్యులుగారిని అడిగాడు.

ఆచార్యులుగారు గోదావరి లంకల్లో పేరున్న వైద్యులు. తలతిరుగుడని, తలపోటని ఎవరొచ్చినా ముందు కళ్లూ చెవులూ నాడీ చూసేవారు. వాటిలో దోషం లేదని తేలాక మనిషిని గోడ పక్కన నిలబెట్టి, మెడా వెన్నూ ఎలా నిలుస్తున్నాయో చాలాసేపు గమనించేవారు. శిష్యుడు ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పే అలవాటు మాత్రం ఆయనకు లేదు.

ఓంకారం అడిగింది అచ్చియమ్మ సంగతి. ఆమె బులివీర్రాజు అనే రైతు భార్య. ఏళ్ల తరబడి తలపోటుతో బాధపడుతోంది. లేచి నిలబడితే చాలు, ఇల్లంతా గిర్రున తిరిగేది. ఆమధ్య ధాన్యం ఉడకేస్తూ పొయ్యి మీదికి తూలితే, వీర్రాజు చటుక్కున లాగబట్టి దక్కింది. ఆచార్యులుగారు చూసి, మెడ ముందుకు చాచుకుపోయిందనీ, బాధంతా అక్కడినుంచే వస్తోందనీ చెప్పి ఆమెను ఓంకారానికి అప్పగించారు. అతను కాపడాలు పెట్టించాడు. గడ్డం లోపలికి లాక్కుని, భుజాలు వదులుచేసి నిలబడడం ఓపిగ్గా నేర్పాడు. ఇక్కడున్నంతసేపూ ఆమె చక్కగా నిలబడేది. మళ్లీ వచ్చేసరికి మెడ ఎప్పటిలాగే ఉండేది. చెప్పినట్టు చేయడం లేదని ఓంకారానికి లోలోపల విసుగు మొదలైంది.

"ఇవాళ వస్తుందిగా. నువ్వేం చెయ్యకు. చూస్తూ కూచో," అన్నారు ఆచార్యులుగారు.

అచ్చియమ్మ వచ్చింది. వీర్రాజు బయట ఎద్దుల్ని విప్పి కడుతున్నాడు. "అమ్మా, ఆ అటక మీది జాడీ కాస్త అందుకో," అన్నారు ఆచార్యులుగారు. ఓంకారం పీట వేసుకుని ఎక్కితే గాని అందని జాడీ అది. ఆమె మడమైనా ఎత్తకుండా అందుకుని కింద పెట్టింది. ఈవిడ ఇంత పొడుగా అని ఓంకారం తెల్లబోయాడు. ఇన్నాళ్లూ ఆమె మెడ చూశాడు గాని మనిషిని చూడలేదు.

"కళ్లు తిరిగాయా?" అన్నారు ఆచార్యులుగారు.

"లేదండి," అంది ఆమె, తనకే వింతగా తోచినట్టు.

అంతలో వీర్రాజు కాళ్లు కడుక్కుని లోపలికొచ్చాడు. అతను ఆమె చెవి దాకా కూడా రాడు. అతను వచ్చి పక్కన నిలబడగానే అచ్చియమ్మ భుజాలు జారాయి, మోకాళ్లు కాస్త సడలాయి, మెడ కిందికి దిగి ముందుకు చాచుకుంది. చూస్తుండగానే ఇద్దరి తలలూ సమానమయ్యాయి. ఆ సంగతి ఆమెకే తెలిసినట్టు లేదు. ఓంకారం ఏదో అనబోయాడు. ఆచార్యులుగారు అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపారు.

"వీర్రాజూ, మీ ఆవిడ మెడ వెనక చెయ్యి వేసి చూడు."

"రాయిలా ఉందేంటండీ బాబూ!"

"ఇప్పుడు తిన్నగా నిలబడమను."

"నిలబడవే."

అచ్చియమ్మ నిలబడలేదు. గోడకేసి చూస్తూ, "బాగోదండి," అంది.

"ఎవరికి బాగోదమ్మా?"

"పెళ్లిలో మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టారండి. ఆ గోలలో పెళ్లికొడుక్కి నిచ్చెన తెండర్రా అని ఎవరో అన్నారు. పందిరంతా ఒకటే నవ్వు. ఈయన మొహం ఎలా ఉందో చూడలేక తల దించేసుకున్నాను."

"ఓసి పిచ్చిదానా!" అన్నాడు వీర్రాజు. "ఆ మాటన్నది నేనేనే! ఇంత పొడుగు పిల్ల నాకు దొరికిందన్న సంబరంలో అనేశాను. అందరికంటే ముందు నవ్వింది కూడా నేనే."

అచ్చియమ్మ అతని వైపు తిరిగింది. ముందు నవ్వొచ్చింది, వెనకే కన్నీళ్లొచ్చాయి. ఆ నవ్వులోనో ఏడుపులోనో ఆమె మెడ నెమ్మదిగా పైకి లేచింది. వీర్రాజు చెయ్యి ఇంకా దాని మీదే ఉంది. ఆ చెయ్యి తీయడం ఇష్టం లేక అతను మునివేళ్ల మీద లేచి నిలబడ్డాడు.

తలపోటు ఆ రోజే పోలేదు. ఆనాటి నుంచి ఆమెను రోజూ గోడకు ఆనించి నిలబెట్టే పని వీర్రాజే చేశాడు. వానలు వెలిసే వేళకు కళ్లు తిరగడం తగ్గింది. అచ్చియమ్మ మళ్లీ ధాన్యం ఉడకేస్తోందని కబురొచ్చింది.

ఆ కబురు విన్న రోజున ఓంకారం, "మరి మనం చేసిన వైద్యంలో లోపమేమిటండీ?" అని అడిగాడు.

"మెడను నిలబెట్టడం నీకు బాగానే వచ్చు, ఓంకారం," అన్నారు ఆచార్యులుగారు. "అది ఎవరి పక్కన నిలబడాలో మనం అడగలేదు."