జగ్గడి ముళ్లకంచె

చింతలకోన అడవిలో కొండముచ్చులు, ముంగిసలు, ఉడుతలు, ఒక ఎలుగుబంటి ఉండేవి. తేనె కోసం చెట్లెక్కి పట్టు పిండే రోజులు అక్కడ ఎప్పుడో పోయాయి. ఎవరి పెరట్లో వాళ్లు చెక్కపెట్టె పెట్టుకుని తేనెటీగల్ని పెంచుకునేవారు.

జగ్గడు అనే కొండముచ్చుకు ఒకే పెట్టె ఉంది. ఇంట్లో అయిదుగురు పిల్లలు. వానాకాలమంతా వాళ్లు తినే తేనె ఆ ఒక్క పెట్టెలోంచే రావాలి.

ఒకరోజు ఎలుగుబంటి పెరటి వైపు వచ్చి, వాసన చూసి వెళ్లింది. అది మళ్లీ వస్తుందని జగ్గడికి భయం పట్టుకుంది. మూడు రోజులు చెమటోడ్చి పెట్టె చుట్టూ తుమ్మకంపతో ఎత్తయిన కంచె కట్టాడు. పైన కూడా కంపే కప్పాడు. దారి వదల్లేదు. నిజం చెప్పొద్దూ, కంచె మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. ఎలుగు మళ్లీ వచ్చి, మూతికి నాలుగు ముళ్లు గుచ్చుకుని కుయ్యోమంటూ పోయింది. ఇక జగ్గణ్ణి పట్టగలమా? ఎదురొచ్చిన ప్రతివాడికీ ఆ కథే చెప్పాడు.

పక్క పెరటి ముంగిస సీతాలు కూడా వచ్చి చూసి మెచ్చుకుంది. చీమలు ఎక్కకుండా పెట్టె నాలుగు కాళ్లూ నీళ్ల గిన్నెల్లోనే ఉన్నాయి. కానీ కంచె లోపల గడ్డి ఏపుగా పెరిగి పెట్టెను తాకుతోంది.

"ఆ గడ్డి కోసెయ్, జగ్గూ. చీమలు పైకెక్కడానికి ఒక్క పరక చాలు," అంది సీతాలు.

"ఎలుగునే తరిమినవాణ్ణి, అక్కా. నాకు చీమల గురించి చెప్తావా?" అన్నాడు జగ్గడు.

గడ్డి కొయ్యాలంటే కంచె విప్పాలి. అంత ముచ్చటైన కంచె విప్పడానికి వాడికి మనసొప్పలేదు. అదీ అసలు సంగతి.

ఆ వారమే ఎర్రచీమలు గడ్డిపరకల మీదుగా ఎక్కి పెట్టెలోకి దిగాయి. తేనె తాగాయి, తేనెటీగల పిల్లల్ని ఎత్తుకుపోయాయి. జగ్గడు చూసేసరికి పొద్దెక్కింది. కంప పీకుతుంటే వాడి చేతులు చీరుకుపోయాయి. లోపలికి దారి చేసుకునేలోపే తేనెటీగలన్నీ ఝుమ్మని లేచి వెళ్లిపోయాయి. వాడు కూలబడి ఏడ్చాడు. పాపం, ఏడవడా మరి.

సీతాలు పెరట్లో ఎప్పుడూ ఒక ఖాళీ పెట్టె ఉండేది. రోజూ దాన్ని తుడిచి, చుట్టూ గడ్డి గీకి, గిన్నెల్లో నీళ్లు పోసేది. లేచిన తేనెటీగలు నేరుగా వెళ్లి అందులో దూరాయి. జగ్గడు పరుగెత్తుకొచ్చి తనవి తనకిమ్మన్నాడు.

"నేను పిలవలేదు, జగ్గూ. బాగున్న చోటు అవే చూసుకున్నాయి," అంది సీతాలు. వాడు తల దించుకున్నాడు. వాడి పిల్లలు గుర్తొచ్చి సీతాలుకు జాలేసింది. "ఈ వానాకాలం నీ పిల్లలకు తేనె నేనిస్తాను. రోజూ నా పెరట్లో గడ్డి నువ్వు కొయ్యాలి."

ఆ పొద్దే జగ్గడు కొడవలి పట్టాడు.

నీతి: ఒక్కసారి గొప్పగా చేసిన పని కన్నా, రోజూ మానకుండా చేసే చిన్న పనే మన సొత్తును కాపాడుతుంది.